ఎల్‌ఈడీ మాస్కు: మొటిమ తగ్గినా మచ్చ ముదురుతుందా?

క్లుప్తంగా: చర్మానికి వాడే ఎల్‌ఈడీ లైటులో అతినీలలోహిత కిరణాలు ఉండవు. కాబట్టి ముఖం కాలిపోతుందని, క్యాన్సర్ వస్తుందని పడే భయానికి పెద్దగా ఆధారం లేదు. అలాగని పెట్టె మీద రాసినట్టు సైడ్ ఎఫెక్ట్స్ అసలే లేవనడమూ సరికాదు. చామనఛాయ, గోధుమ రంగు చర్మంలో నీలం లైటు నల్ల మచ్చలను ముదిరించే వీలుంది. ఎరుపు లైటుకు ఆ సమస్య కనిపించలేదు. కళ్ల రక్షణ, వాడుతున్న మందులు, మోతాదు అనే మూడు విషయాలు చూసుకోకుండా మాస్కు పెట్టుకోవడమే అసలు ఇబ్బంది.

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే తెలుగు పిల్లల ఫోన్లలో ఒక ప్రకటన తరచూ కనిపిస్తోంది. ముఖానికి తెల్లటి తొడుగు, లోపల ఎర్రగానో నీలంగానో వెలుగు, పది నిమిషాల తర్వాత మెరిసే బుగ్గలు. అదే వెలుగు పార్లర్లలో ఫేషియల్‌కు కొసరుగా, స్కిన్ క్లినిక్‌లలో ప్యాకేజీలో భాగంగా దొరుకుతోంది. మాస్కుల్లో రెండు వేల రూపాయలదీ ఉంది, నలభై వేలదీ ఉంది. రెండింటి మీదా రాసేది ఇంచుమించు ఒకటే: నొప్పి లేదు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు.

వీడియో కాల్‌లో ఆ మాస్కు చూసిన తల్లి ఊళ్లోంచి అడిగే ప్రశ్న కూడా ఒకటే: "ఆ లైట్లు పెట్టుకుంటే మొహం మాడిపోదూ?" తెలుగులో మాడటానికి రెండు అర్థాలున్నాయి. గిన్నె మాడితే కాలినట్టు. "ఎండకు మాడిపోయావు" అంటే నల్లబడినట్టు. మొదటి అర్థంలో ఆ ప్రశ్నకు జవాబు తేలిక, అలా జరగదు. రెండో అర్థంలో తీసుకుంటే మాత్రం ఆ ప్రశ్న ప్రకటనలు రాసేవాళ్ల కంటే చర్మం సంగతి ఎక్కువ తెలిసినవాళ్లు అడగాల్సినది.

లేజరూ కాదు, ఎండా కాదు

వెలుతురుతో చర్మానికి వైద్యం చేయడం కొత్తేమీ కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ గింజల్లోని సోరాలెన్ అనే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే పనిచేస్తుంది. లెక్క తప్పితే బొబ్బలెక్కుతుంది. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మానికి సోకే క్షయకు గాఢమైన కాంతితో వైద్యం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఇప్పటి ఎరుపు లైటు కథ మాత్రం ఒక తప్పిన ఊహతో మొదలైంది. లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని 1967లో హంగరీ వైద్యుడు ఎండ్రే మెస్టర్ వెంట్రుకలు గొరిగిన ఎలుకల మీద తక్కువ శక్తి ఉన్న ఎర్ర లేజర్ వేశాడు. క్యాన్సర్ రాలేదు, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. 1990లలో అంతరిక్షంలో మొక్కలు పెంచడానికి నాసా చేయించిన ఎల్‌ఈడీలను విస్కాన్సిన్ వైద్యులు గాయాల మీద వాడి చూశారు. లేజర్ ఇరుకైన చోటే పడుతుంది, ఎల్‌ఈడీతో ముఖం మొత్తానికీ ఒకేసారి వెలుతురు పట్టించవచ్చు. ఇంటి మాస్కు దాకా వచ్చిన దారి ఇదే.

లేజర్‌నూ ఎల్‌ఈడీనీ కలిపేసుకోవడం వల్లే సగం భయాలు పుడుతున్నాయి. జుట్టు తీసే లేజర్ కణాన్ని వేడెక్కించి దెబ్బతీస్తుంది, దాని పనే అది. ఎల్‌ఈడీ కణాన్ని కాల్చదు, కణంలోని కొన్ని అణువులకు వెలుతురు అందిస్తుంది. ఇక ఎండతో పోలిస్తే, చర్మాన్ని కమిలించి డీఎన్ఏను దెబ్బతీసే అతినీలలోహిత భాగం ఇందులో ఉండదు. ఎక్స్‌రేతో దీనికి చుట్టరికమే లేదు.

ఆస్పత్రిలో పుట్టిన పసికందుకు కామెర్లు వచ్చినప్పుడు నీలం లైటు కింద పడుకోబెట్టడం చాలా ఇళ్లలో చూసిందే. "పసిపిల్లలకే పెడుతుంటే పెద్దవాళ్లకేమవుతుంది" అని అమ్మేవాళ్లు దాన్ని ఉదాహరణగా చెబుతుంటారు. పోలిక సగమే కుదురుతుంది. అక్కడ లైటు బిలిరుబిన్ అనే పదార్థాన్ని ఒంట్లోంచి తేలిగ్గా పోయే రూపంలోకి మారుస్తుంది, చర్మపు నిగారింపుతో దానికి పని లేదు. పైగా ఆ బిడ్డ కళ్లకు గంతలు కడతారు, గంటలు లెక్కపెడతారు, మధ్యమధ్య రక్తం పరీక్షిస్తారు. పది నిమిషాల మాస్కుకు అంత హడావుడి అక్కర్లేదు కానీ, కళ్లకు గంతలు కట్టే సంగతిని మాత్రం ఆ ఉదాహరణ చెప్పేవాళ్లు వదిలేస్తారు.

ఏడు రంగులన్నీ ఏడు వైద్యాలు కావు

లైటు పని దాని రంగు పేరును బట్టి కాదు, తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. దాన్ని నానోమీటర్లలో కొలుస్తారు.

మొటిమల్లో ఉండే క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి తనంతట తానే పార్ఫిరిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. దాదాపు 415 నానోమీటర్ల నీలం–ఊదా కాంతిని పార్ఫిరిన్ బాగా పీల్చుకుంటుంది. పీల్చుకున్నాక చురుకైన ఆక్సిజన్ పుట్టి, ఆ సూక్ష్మజీవినే దెబ్బతీస్తుంది. ఈ కాంతి చర్మంలోకి ఒక మిల్లీమీటరు కూడా సరిగా దిగదు. అందుకే లోతుగా గడ్డకట్టి నొప్పెట్టే మొటిమలకు దీనివల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

ఎరుపు (630 నానోమీటర్ల దగ్గర), దానికి అవతల కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి (830, 850) ఇంకాస్త లోపలికి వెళ్తాయి. కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలోని ఒక ఎంజైము ఈ కాంతిని అందుకుంటుందని, దాంతో వాపు తగ్గి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను చేసే కణాలు చురుకెక్కుతాయని ప్రధానంగా చెప్పే వివరణ. పసుపు, ఆకుపచ్చ రంగుల విషయంలో ఆధారాలు పల్చన.

ఇప్పుడు "ఏడు రంగుల మాస్కు" సంగతి. చవక రకాల్లో సాధారణంగా ఉండేది మూడు రంగుల చుక్కలే: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఊదా అంటే ఎరుపూ నీలమూ కలిపి వెలిగించడం. లేత నీలం అంటే నీలమూ ఆకుపచ్చా కలపడం. పండగకు గుమ్మానికి కట్టే రంగుల లైట్ల దండ చేసే పనీ ఇదే. కంటికి ఏడు రంగులు కనిపిస్తాయి, చర్మానికి అందేవి మాత్రం ఆ మూడే. ఇంకో చిక్కూ ఉంది. అలంకరణ దండల్లో వాడే నీలం ఎల్‌ఈడీ దాదాపు 465 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. పార్ఫిరిన్‌కు కావాల్సింది 415. రెండూ నీలమే అనిపిస్తాయి, నిజానికి 415 కాస్త ఊదాగా, మసకగా కనిపిస్తుంది. కళ్లు జిగేలుమనే నీలం మాస్కు బాగా పనిచేస్తోందని అనుకోవడం సహజం, కానీ ఆ జిగేలు తప్పుడు నంబరుకు గుర్తు కూడా కావచ్చు. డబ్బా మీద నానోమీటర్ల సంఖ్య రాయని మాస్కు ఏ పని చేస్తుందో చెప్పే దారి లేదు.

ఆవాలు చిటపటలాడే వేడి

తరంగదైర్ఘ్యం తర్వాత చూడాల్సింది మోతాదు. చదరపు సెంటీమీటరు మీద ఎన్ని మిల్లీవాట్ల కాంతి పడుతోందో తెలిస్తే, దాన్ని సెకన్లతో గుణించాలి. ఒక మాస్కు 30 మిల్లీవాట్లు ఇస్తుంటే పది నిమిషాలకు, అంటే 600 సెకన్లకు, 18,000 మిల్లీజౌళ్లు, అంటే 18 జౌళ్ల శక్తి. ఇంకో మాస్కు 2 మిల్లీవాట్లే ఇస్తే అదే పది నిమిషాలకు 1.2 జౌళ్లు. రెండూ చీకటి గదిలో ఒకేలా వెలుగుతాయి. చర్మానికి అందేదాంట్లో పదిహేను రెట్ల తేడా.

తక్కువైతే సమయం పెంచితే సరిపోతుందిగా అనిపిస్తుంది. అలా కుదరదు. ఈ లైటుకు కణాలు స్పందించే తీరు పోపు లాంటిది. నూనె కాగకపోతే ఆవాలు చిటపటలాడవు, మరీ కాగితే మాడిపోతాయి, మధ్యలో కాసేపే పని జరుగుతుంది. కొంత మోతాదు దాకా మేలు పెరిగి, ఆపైన తగ్గుతూ వస్తుందని ప్రయోగశాలల్లో పదేపదే కనిపించింది. రోజుకు రెండుసార్లు, అరగంట చొప్పున పెట్టుకునేవాళ్లు రెట్టింపు ఫలితం పొందడం లేదు. ఎర్రబడటం, పొడిబారడం, బిగుసుకుపోయినట్టు ఉండటం లాంటి చిన్న ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది ఇలాంటివాళ్లకే.

ఎండతో లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం కింద చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 మిల్లీవాట్ల సౌరశక్తి పడుతుంది. అందులో కంటికి కనిపించే కాంతి సుమారు 40. పది నిమిషాలకు 24 జౌళ్లు. అంటే మాస్కు ఇచ్చే కాంతి పరిమాణం మనిషి ముఖం ఎప్పుడూ ఎరగనిదేమీ కాదు. తేడా అంతా ఒకే రంగు దగ్గర కుప్పపోయడంలోనూ, అతినీలలోహిత కిరణాలు లేకపోవడంలోనూ ఉంది.

ఫలితం ఎంత?

పనిచేయదని చెప్పడం అన్యాయం. 2000లో బ్రిటన్‌లో 107 మంది మీద జరిగిన పరీక్షలో, నీలం–ఎరుపు లైట్లు కలిపి 12 వారాలు వాడినవాళ్లకు వాచిన మొటిమలు సగటున 76 శాతం తగ్గాయి. అవి ఎల్‌ఈడీలు కావు, ట్యూబులు. సూత్రం మాత్రం అదే. అయితే 2016లో కాక్రేన్ సంస్థ మొటిమల లైటు చికిత్సల మీద 71 పరీక్షలను, 4,211 మందిని కలిపి చూసి, ఆధారాల నాణ్యత మొత్తంమీద తక్కువగానే ఉందని తేల్చింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024 మార్గదర్శకాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్లు, డాక్సీసైక్లిన్‌కు గట్టి సిఫార్సు ఉంది. లేజర్, లైటు పరికరాల దగ్గరికి వచ్చేసరికి, సిఫార్సు చేయడానికి ఆధారాలు చాలవని ఊరుకుంది. ముడతల విషయంలోనూ ఎరుపు లైటుతో కొంత మెరుగు కనిపించింది, అదీ వారాల తరబడి వాడితేనే, మానేస్తే మెల్లగా పోయేదే. మొత్తంమీద ఇది ఉప్పూ పులుపూ లాంటి ప్రధాన దినుసు కాదు, పైన చల్లే కొత్తిమీర.

గోధుమ రంగు చర్మం, నీలం లైటు

అసలు ముడి ఇక్కడుంది. ఎల్‌ఈడీ పరికరాల సైడ్ ఎఫెక్ట్స్ జాబితాలు చాలావరకు తెల్లవాళ్ల చర్మం మీద వచ్చిన అనుభవంతో రాసినవి. ఆ చర్మానికి వచ్చే ఇబ్బంది ఎర్రబడటం. రెండు గంటల్లో ఎరుపు తగ్గిపోతే ఏమీ జరగనట్టే లెక్క. మన చర్మం నొచ్చుకుంటే ఎర్రబడి ఊరుకోదు, నల్లబడుతుంది. ఆ నలుపు వారాలు, నెలలు ఉంటుంది. చర్మాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు.

కనిపించే కాంతి కూడా ఇలాంటి చర్మాన్ని నల్లబరచగలదని 2010లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. నాలుగు నుంచి ఆరు రకాల చర్మం మీద కంటికి కనిపించే కాంతిని వేస్తే గాఢమైన నలుపు తేలి, చాలా రోజులు నిలిచింది. అదే వెలుతురు తెల్లటి రెండో రకం చర్మం మీద నలుపు తేలేదు. 2014లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, రంగులను విడదీసి చూశారు. 415 నానోమీటర్ల నీలం–ఊదా కాంతి పడిన చోట నలుపు వచ్చి వారాల తరబడి ఉంది, అతినీలలోహిత బి కిరణాలతో వచ్చిన నలుపు కంటే ముదురుగా కూడా. 630 నానోమీటర్ల ఎరుపు పడిన చోట ఏమీ కాలేదు. కారణం 2018లో దొరికింది. రంగు తయారుచేసే మెలనోసైట్ కణాల్లో ఆప్సిన్–3 అనే గ్రాహకం ఉంది. కంట్లో వెలుతురును పట్టే ప్రోటీన్ల కుటుంబానికే చెందిన అది నీలం కాంతిని గుర్తించి, మెలనిన్ తయారీని పెంచుతుంది. ఒక విధంగా ముఖం మీది రంగు కణాలకు నీలం 'కనిపిస్తుంది'.

గమనించాల్సిన సంగతి: మొటిమ క్రిమిని దెబ్బతీసేదీ 415, రంగు కణాన్ని రెచ్చగొట్టేదీ 415. ఒకే తాళం చెవికి రెండు తలుపులు తెరుచుకుంటున్నాయి.

అయితే దీన్ని ఉన్నదానికంటే పెద్దది చేయనక్కర్లేదు. ఆ పరీక్షల్లో వాడిన మోతాదు, ఇంటి మాస్కు ఒక సెషన్‌లో ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ. పైగా చామనఛాయ చర్మంలో మొటిమ వాపు కూడా తన వంతుగా నల్ల మచ్చను వదిలిపోతుంది. నీలం లైటు మొటిమను త్వరగా అణిచితే, ఆ లెక్కన ఒక మచ్చ తప్పినట్టే. కొత్త మొటిమలు రాకుండా వచ్చే లాభం ఎక్కువా, పాత మచ్చలు ముదిరే నష్టం ఎక్కువా అన్నది ముఖాన్ని బట్టి మారుతుంది. వాచిన ఎర్ర మొటిమలు ఎక్కువగా ఉండి, మచ్చలు తక్కువగా ఉన్నవాళ్లకు తక్కెడ ఒకవైపు మొగ్గుతుంది. మొటిమలు ఎప్పుడో తగ్గిపోయి మచ్చలే మిగిలినవాళ్లకు, బుగ్గల మీద మంగు ఉన్నవాళ్లకు రెండోవైపు మొగ్గుతుంది. విచిత్రమేమిటంటే మాస్కు కొనేవాళ్లలో ఈ రెండో రకం వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు, "మచ్చలు పోతాయి" అన్న ప్రకటన చూసే కదా కొనేది. మంగుకు వేడి కూడా పడదు. ముఖానికి అతుక్కుని వెచ్చబడే మాస్కు, అందులోనూ పరారుణ మోడ్, వాళ్లకు ఆలోచించి వాడాల్సిన వస్తువు.

ఎరుపు విషయంలో వార్త మెరుగ్గా ఉంది. అధిక మోతాదు ఎరుపు ఎల్‌ఈడీ మీద జరిగి, 2020లో వెలువడిన రెండు అమెరికన్ పరీక్షల్లో భరించగల గరిష్ఠ మోతాదు తెల్లవాళ్లకు 480 జౌళ్లు, రంగు చర్మం ఉన్నవాళ్లకు 320 జౌళ్లుగా తేలింది. అంటే ఎరుపు లైటునూ మన చర్మం కాస్త ముందే 'చాలు' అంటుంది. కానీ పైన చెప్పిన 18 జౌళ్ల మాస్కుకు, ఆ 320కి మధ్య దాదాపు 18 రెట్ల ఎడం ఉంది.

బెంగళూరు చల్లదనం చేసే మాయ

విజయవాడ నుంచో, నెల్లూరు నుంచో బెంగళూరు వచ్చి ఆరు నెలలు తిరిగేసరికి ముఖం మీద మచ్చలు తేలాయని చెప్పేవాళ్లు చాలామంది. నింద సాధారణంగా బోరు నీళ్ల మీద పడుతుంది. గట్టి నీళ్లు చర్మాన్ని పొడిబార్చే మాట నిజమే కానీ, రంగు మార్చేది ప్రధానంగా వెలుతురే. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున్న నగరం ఇది. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత తీవ్రత పది శాతం దాకా పెరుగుతుంది. విజయవాడ ఎండ మనిషిని నీడకు తరిమేస్తుంది. ఇక్కడి ఎండ చల్లగా ఉండి, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి మీద గంటసేపు కూర్చోనిస్తుంది. చర్మానికి అందే కిరణాలకు గాలి చల్లదనంతో సంబంధం లేదు.

మాస్కు లెక్క ఇక్కడే తారుమారవుతుంది. పగలంతా కవచం లేకుండా వెలుతురు తిని, రాత్రి పది నిమిషాలు మచ్చల కోసం లైటు పెట్టుకుంటే, ఆ పది నిమిషాల వంతు ఎంత? తెల్లటి మామూలు సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది కానీ కనిపించే కాంతిని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమ రంగులో ఉండే సన్‌స్క్రీన్ నీలం కాంతిని కూడా కొంత అడ్డుకుంటుంది. మంగు ఉన్నవాళ్లకు చర్మ వైద్యులు అలాంటిదే రాయడానికి కారణం అదే. దాని ధర సాధారణంగా మాస్కు ధర కంటే తక్కువే.

కళ్ల సంగతి

2019 జులైలో న్యూట్రోజీనా తన మొటిమల లైటు మాస్కును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా, కంటి ఆల్బినిజం లాంటి అరుదైన కంటి జబ్బులు ఉన్నవాళ్లకు, కళ్లను వెలుతురుకు సున్నితం చేసే మందులు వాడుతున్నవాళ్లకు హాని జరగవచ్చన్న సందేహమే కారణం. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ కూడా అప్పుడే హెచ్చరిక జారీ చేసింది. మామూలు కళ్లున్న అందరికీ చూపు పోతుందని దాని అర్థం కాదు. పెద్ద కంపెనీ, ఇంట్లో వాడే తక్కువ శక్తి మాస్కు, అయినా కొద్దిమంది విషయంలో రిస్క్ తీసుకోలేదు.

కంటి లోపలి తెర అయిన రెటీనాకు నీలం కాంతి చేసే హాని 435–440 నానోమీటర్ల దగ్గర ఎక్కువ. 415 కానీ 465 కానీ అక్కడికి ఎంతో దూరం కావు. కళ్లు మూసుకుంటే చాలనుకోవడం పొరపాటు, కనురెప్పలోంచి ఎరుపు కాంతి బాగానే లోపలికి వస్తుంది. పరారుణం అసలు కనిపించదు కాబట్టి, కన్ను దానంతట అది చికిలించుకోదు. మాస్కుతో వచ్చే సిలికాన్ కంటి కప్పులు అసౌకర్యంగా ఉన్నాయని తీసి పక్కన పెట్టడం, మాస్కు పెట్టుకుని కళ్ల రంధ్రాల్లోంచి రీల్స్ చూడటం, ఈ రెండూ మానుకోవాల్సిన అలవాట్లు. గోడకు ఆనించే పెద్ద ప్యానెళ్ల శక్తి మాస్కుల కంటే చాలా ఎక్కువ, వాటి ముందు కళ్లజోడు తప్పనిసరి.

మందుల చీటీ చూసుకోవాల్సినవాళ్లు

మొటిమలున్న మనిషి మాస్కు కొనేనాటికే మందుల షాపులో డాక్సీసైక్లిన్ అడిగి వేసుకుంటూ ఉండటం మామూలే. ఆ మందు చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేస్తుంది. అది ఎక్కువగా అతినీలలోహిత కిరణాల విషయంలోనే అయినా, పరికరాల తయారీదారులు ఇలాంటి మందులు వాడేవాళ్లను ముందు వైద్యుణ్ని అడగమంటారు. ముదిరిన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ వేసుకుంటున్నవాళ్ల చర్మం పొడిబారి పల్చబడి ఉంటుంది. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, గుండె లయకు వాడే అమియోడరోన్ కూడా వెలుతురుకు సున్నితం చేసే మందుల్లోవే.

జబ్బుల్లో ముందు చెప్పుకోవాల్సింది పార్ఫిరియా. మొటిమ క్రిమిలో ఏ పదార్థం మీద నీలం లైటు పనిచేస్తుందో, ఆ జాతి పదార్థమే వీళ్ల ఒంట్లో పేరుకుని ఉంటుంది. క్రిమికి జరిగేదే వాళ్ల చర్మానికి జరుగుతుంది, నొప్పి భరించలేనంతగా. జబ్బు అరుదు, కానీ ఎండలోకి వెళ్లిన కొన్ని నిమిషాలకే చేతులు, ముఖం మంటెత్తే చరిత్ర ఉన్నవాళ్లు నీలం లైటు జోలికి పోకూడదు. రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బు ఉన్నవాళ్లకూ, మిణుకుమిణుకుమనే మోడ్ విషయంలో మూర్ఛ ఉన్నవాళ్లకూ ఇదే మాట. లైటు చూస్తే తలనొప్పి మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ముఖం మీద కొత్తగా పెరుగుతున్న, రంగు మారుతున్న పుట్టుమచ్చ ఉంటే ముందు దాన్ని చూపించుకోవాలి.

క్లినిక్‌లో అదే ఎర్ర లైటు ముందు ముఖానికి ఒక మందు రాసి గంటసేపు ఉంచితే, అది ఫోటోడైనమిక్ థెరపీ అవుతుంది. అది వేరే చికిత్స. నొప్పి, పొట్టు లేవడం, రెండు రోజులు వెలుతురుకు దూరంగా ఉండాల్సి రావడం ఉంటాయి. రెండింటినీ 'లైట్ థెరపీ' అనే పిలుస్తారు కాబట్టి, క్లినిక్‌లో చేయించుకునేవాళ్లు లైటుకు ముందు ఏం రాస్తున్నారో అడగాలి.

జాబితాల్లో కనిపించని సైడ్ ఎఫెక్ట్ ఇంకొకటి: ఆలస్యం. ముఖం మీది ప్రతి మచ్చా మొటిమ మచ్చ కాదు. శోభి, తామర, స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీములు వాడి పల్చబడిన చర్మం, ఇవేవీ ఎల్‌ఈడీతో తగ్గవు. మూడు నెలలు మాస్కుతో గడిపేసరికి తామర ఇంకో రెండు చోట్లకు పాకుతుంది. పీజీలో ఒకే మాస్కు నలుగురు వంతులవారీగా పెట్టుకుంటే పాకేది ఒక్కరి ముఖం మీదే కాకపోవచ్చు.

స్టాంపులు, సర్టిఫికెట్లు

"ఎఫ్‌డీఏ క్లియర్డ్" అంటే అమెరికాలో ఇంతకుముందే అమ్ముడవుతున్న ఇలాంటి పరికరంతో ఇది సమానమని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఒప్పుకున్నట్టు. కొత్త మందుకు ఇచ్చే ఆమోదం లాంటిది కాదు. "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అంటే ఇంకా తక్కువ, కంపెనీ పేరు అక్కడి జాబితాలో ఉందని మాత్రమే. కొందరు అమ్మకందారులు ఈ రెండో మాటనే పెద్ద అక్షరాల్లో వేస్తారు.

మన దేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనల కింద, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ నియంత్రణ పరిధిలోకి వచ్చాయి. రిస్క్‌ను బట్టి ఎ, బి, సి, డి తరగతులు చేసి, మొదటి రెండింటికి (ఎ తరగతిలో కొన్నింటికి మినహాయింపుతో) 2022 అక్టోబరు నుంచి, మిగతా రెండింటికి 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి చేశారు. కానీ ఒక వస్తువు వైద్య పరికరమా కాదా అన్నది అది ఏం చేస్తానంటోందన్న దాని మీద ఆధారపడుతుంది. "మొటిమలకు చికిత్స" అంటే వైద్యం మాట. "గ్లో ఇస్తుంది" అంటే అందం మాట. చాలా పెట్టెల మీద రెండో మాటే ఎందుకు ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్‌లు 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్టర్ కావాలి. అలాంటి చోట వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలుసుకోవచ్చు. 'స్కిన్ స్టూడియో', 'ఏస్తటిక్ లాంజ్' లాంటి బోర్డులన్నింటి వెనకా చర్మ వైద్యుడు ఉండడు. ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకు విక్టోరియా, బౌరింగ్ లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. క్యూ మాత్రం పొడుగ్గానే ఉంటుంది.

ఇవన్నీ చూసుకున్నాకా మాస్కు కొనాలనుకునేవాళ్లకు ఎరుపు ఒక్కటే విడిగా వెలిగించుకునే వీలున్నది నయం. నీలం వాడాలంటే ముందు చెవి కింద, దవడ అంచున చిన్న చోట రెండు మూడు వారాలు వాడి, అక్కడ రంగు మారుతుందేమో చూడాలి. మారితే ఆపేయాలి, అలా వచ్చిన నలుపు ఆపాక మెల్లగా పలచబడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు గడవకుండా ఫలితం తేలదు కాబట్టి, మొదటి రోజునే ఫోటో తీసి పెట్టుకోవాలి. ప్రతిసారీ అదే కిటికీ దగ్గర, అదే వేళకు, బ్యూటీ మోడ్ ఆపి తీయాలి. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకు అది ముందే ఆన్‌లో ఉంటుంది.